కొమ్ముల తొక్కు

నా కూతురు నా చేతి ముద్ద వద్దన్న రోజు నేను నెయ్యి గిన్నెను గోడకేసి కొట్టాను. గిన్నె స్టీలుది కాబట్టి దానికేం కాలేదు. గోడకు మాత్రం అరచెయ్యంత మరక పడింది. ఇంటి ఓనరు చూస్తే ఊరుకోడని మా ఆయన రంగు డబ్బా తెచ్చి పూశాడు. ఎండ కాసినప్పుడల్లా ఆ నెయ్యి మళ్లీ బయటికి ఉబికి వస్తుంది. అది కనిపించినప్పుడల్లా నాకు కోపం కూడా కొత్తగా వస్తుంది.

ముద్దల సంగతి చెప్పాలి. మా ఇంట్లో ఆదివారం మధ్యాహ్నం కంచాలుండవు. పెద్ద స్టీలు బేసిన్‌లో అన్నం, పప్పు, తొక్కు వేసి, పైన నెయ్యి పోసి నేనే కలుపుతాను. ముగ్గురం కింద చాప మీద కూర్చుంటాం. చాచిన అరచేతుల్లో ఒక్కో ముద్ద పెట్టుకుంటూ పోతాను. మా నాయనమ్మ మాకు అలాగే పెట్టేది. వాల్డార్ఫ్‌లో ఆఫీసు, పక్క ఊళ్లో ఇల్లు, ఈ జర్మనీలో వారమంతా ఎవరి పరుగు వాళ్లది, ఎవరి డబ్బా వాళ్లది. ఆ ఒక్క పూట మాత్రం మేం ముగ్గురం ఒక ఇంటివాళ్లమని నాకు గుర్తుండేది. పద్నాలుగేళ్ల పిల్లకు ముద్దలేమిటని తోటి తెలుగువాళ్లు నవ్వేవారు. నవ్వితే నవ్వనీ, నా బిడ్డ నవ్వలేదు కదా అనుకునేదాన్ని.

ఆ పిల్లే ఒక ఆదివారం చెయ్యి చాచలేదు.

"నెయ్యి వద్దమ్మా. పెరుగు కూడ వద్దు. నేను ఇంక వీగన్," అంది.

మాంసం మానేసి అప్పటికే చాలా కాలమైంది. దానికి నేనేమీ అనలేదు. మా ఊళ్లో శనివారాలు, కార్తీకమాసాలు చూసి పెరిగినదాన్ని, మాంసం మానడం నాకు వింత కాదు. కానీ నెయ్యి? పెరుగన్నం? ఈ పిల్లకు ఆరో నెలలో మొట్టమొదట నాకించింది పెరుగన్నమే.

"పాలేం పాపం చేసినయి బిడ్డా?" అన్నాను.

"పాలు దూడవి. నీవి కావు."

"మరి పేడ ఎవరిది? అదీ దూడదేనా?"

అది జర్మన్‌లో ఏదో గొణిగింది. కోపం వస్తే దానికి తెలుగు పోతుంది. నాకు కోపం వస్తే అన్నీ పోతాయి. అప్పుడే గిన్నె గోడకు తగిలింది.

తర్వాత కొన్ని వారాలు మా వంటిల్లు యుద్ధభూమి. అది తన గిన్నెలో తను ఓట్స్ పాలు పోసుకునేది, తన బాణలిలో తను ఏదో వేయించుకునేది. ఆదివారం బేసిన్ ముందు నేనూ మా ఆయనా, పెళ్లిచూపుల్లో కూర్చున్నట్టు బిగుసుకుని కూర్చునేవాళ్లం. ఆయన రెండు ముద్దలు తిని కడుపు నిండిందనేవాడు. మిగిలింది నేను ఫ్రిజ్ లో పెట్టేదాన్ని. కూతురు ఏది తింటే నాకేం, ఏది తినకపోతే నాకేం, నా చేతిది తింటే చాలు. అంతే నేను అడిగేది. ఎవరికైనా ఇది చిన్న సంగతిలా కనిపిస్తే వాళ్లతో నాకు మాటల్లేవు.

చివరికి బేరం నేనే మొదలుపెట్టాను. మాకో క్లైన్‌గార్టెన్ ఉంది. ఊరి చివర రైలు పట్టాల పక్కన వరసగా చిన్న చిన్న తోటలుంటాయి, సంఘంలో చేరి, పేరు రాయించుకుని, ఏళ్ల తరబడి ఎదురుచూస్తే ఒకటి చేతికొస్తుంది. మాది రేకు గుడిసె, ఒక అక్రోటు చెట్టు, మిగతాదంతా ఇసుక నేల. ప్రతి ఏడూ అక్కడ నేను పుంటికూర వేస్తాను. ఆంధ్రావాళ్లు గోంగూర అంటారు, అనుకోనీ.

"తోటలో ఏ జీవికీ హాని చెయ్యకుండ పుంటికూర పెంచుత. నెయ్యి బదులు నువ్వుల నూనె పోస్త. అప్పుడు తింటవా?" అన్నాను.

అది వేళ్లు మడిచి లెక్క మొదలుపెట్టింది. వకీలు లాంటి పిల్ల. "చంపొద్దు. నత్తలను కూడ. ఎలుకలను కూడ. ఎరువు మొక్కలదే ఉండాలె," అంది.

"ఇసుకల ఆకులేస్తే ఏం పెరుగుతది? పేడ వెయ్యాలె. ఆవు ఎట్లాగూ పేడ వేస్తది బిడ్డా, దాన్ని ఎవరూ పిండరు."

"పేడ ఓకే. ఆవు బతికుంటే ఓకే," అంది. 

మే నెల సగం గడిచి చలి వదిలాక మొక్కలు నాటాం. నాటిన మర్నాడు వాన మొదలైంది. వాన వెంట నత్తలొచ్చాయి.

ఇక్కడి నత్తలను చూడనివాళ్లకు చెప్పడం కష్టం. వాటికి గుల్ల ఉండదు. ఎర్రటి ఇటుక రంగు, నా వేలంత పొడుగు, బొటనవేలంత లావు. వాన వెలిసిన సాయంత్రం తోటంతా అవే పాకుతుంటాయి. ఒక్క రాత్రిలో మడిని నున్నగా గొరిగిపెడతాయి. నేను మామూలుగా అయితే వాటి మీద ఉప్పు చల్లేదాన్ని. ఉప్పు పడగానే అవి నురగలు కక్కుకుంటూ మెలికలు తిరిగి చస్తాయి. చూడ్డానికి బాగుండదు గానీ, నా లేత పుంటికూర మోళ్లు చూసినప్పుడు నాకు అది బాగానే ఉండేది. ఉన్నమాట చెప్తున్నాను.

పక్క తోట ముసలావిడకు ఉప్పు కూడా అక్కర్లేదు. ఆవిడ తెల్లటి మనిషి, మెత్తటి గొంతు, మోకాళ్లకు రబ్బరు మెత్తలు. చేతిలో వంటింటి కత్తెర. వంగి, నత్తను నడిమికి కత్తిరించి, ముందుకు ఒక అడుగు వేసి, మళ్లీ కత్తిరిస్తుంది. కంచె అవతల కత్తెర చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. తెగిన ముక్కలను తినడానికి మిగతా నత్తలు వస్తాయి, వాటినీ కత్తిరిస్తుంది. ఆ తర్వాత అదే చేత్తో కంచె మీదుగా నా కూతురికి స్ట్రాబెర్రీలు ఇస్తుంది. అది థాంక్స్ చెప్పి తీసుకుని, ఆవిడ వెనక్కి తిరగగానే గుడిసె వెనక్కి పోయి ఏడ్చేది.

మరి నేను? నేను మాటిచ్చినదాన్ని. ఖాళీ పెరుగు డబ్బాలు పట్టుకుని, చేతులకు తొడుగులేసుకుని, ఒక్కొక్క నత్తనూ ఏరి డబ్బాలో వేసి, మూత బిగించి, కారులో పెట్టుకుని అడవి అంచున వదిలి వచ్చేదాన్ని. ఇంత చదువు చదివి, జర్మనీ వచ్చి, నత్తలకు డ్రైవర్నయ్యాను. డబ్బాలో అవి ఒకదాని మీద ఒకటి జారే చప్పుడు నాకు వినిపిస్తూనే ఉండేది. నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టేదాన్ని. మా ఆయన నవ్వేవాడు.

"తిట్టుకుంట తీస్కపోతే పుణ్యం రాదే," అనేవాడు.

"పుణ్యం ఎవనిక్కావాలె? నా బిడ్డ బువ్వ తింటే చాలు."

నత్తల పీడ తగ్గింది కానీ మొక్కలు ఎదగలేదు. ఇసుకలో ఆకులు పసుపురంగు తిరిగాయి. పేడ తెమ్మని మా ఆయనకు చెప్పాను. ఏ దుకాణంలో ఏముంటుందో నాకూ సరిగ్గా తెలియదు. ఆవు బొమ్మ ఉన్న సంచీ చూసి తెమ్మన్నాను. ఆయన తెచ్చాడు. సంచీ మీద పచ్చిక, పచ్చికలో ఆవు, పెద్ద అక్షరాలతో బియో, అంటే సేంద్రియం అని, మూలన గుండ్రటి పచ్చ గుర్తు.

"ఆవున్నది, బియో అని రాసున్నది, పచ్చ గుర్తు గూడ ఉన్నది. ఇంకేం కావాలె?" అన్నాడు.

ఆ పచ్చ గుర్తును నేనూ చూశాను. ఇంతకాలంగా ఇక్కడుంటున్నాను, అది ఖాళీ సంచీని ఏ చెత్తలో వెయ్యాలో చెప్పే గుర్తని నాకు తెలియక కాదు. కానీ మన కళ్లకు పచ్చ చుక్క కనిపిస్తే ఇంకేమీ చదవబుద్ధి కాదు. మన దగ్గర బిస్కెట్ ప్యాకెట్ మీదైనా, నూనె డబ్బా మీదైనా పచ్చ చుక్క ఉంటే అది శాకాహారం, అక్కడితో విచారణ బందు. ఆవు బొమ్మ చూసి నాకు పేడే గుర్తొచ్చింది, వాకిట్లో సాన్పి చల్లే మా నాయనమ్మ చెయ్యే గుర్తొచ్చింది. సంచీ విప్పితే ఎండిన గుళికలు, గోధుమ రంగు. వాసన కొంచెం తేడాగా ఉంది. ఇక్కడి ఆవులు తినేది వేరు, పేడ వాసనా వేరేమో అనుకున్నాను. చేతులతో నలిపి మొక్కల మొదట్లో వేశాను. బాల్కనీలో తులసి కుండీకి కూడా పిడికెడు వేశాను.

పుంటికూర లేచింది చూడండి. పదిహేను రోజుల్లో నల్లటి ఆకుపచ్చ తిరిగింది, కాడలు ఎర్రగా మెరిశాయి. మొదటి కోత ఆదివారం పొద్దున కోశాను. పప్పు చేశాను, ఎల్లిపాయ దంచి పోపేశాను, నెయ్యి ఊసెత్తకుండా నువ్వుల నూనె పోసి బేసిన్‌లో కలిపాను. ఎవరినీ పిలవలేదు. చాప పరిచి కూర్చున్నానంతే.

అది గదిలోంచి వచ్చి కూర్చుంది. చెయ్యి చాచింది.

ఆ వేసవిలో ఎన్ని ఆదివారాలు వచ్చాయో అన్నీ తిన్నది. ముద్ద పెడుతుంటే దాని అరచెయ్యి బొద్దుగా చిన్నప్పటిలాగే ఉందని గమనించాను. కారులో నత్తలను మోసుకెళ్లడం కూడా నాకు కష్టమనిపించలేదు.

ఆగస్టులో ఒక పొద్దున తోట తలుపు తీసేసరికి మడి మడిగా లేదు. ఎవరో కసిగా తవ్విపోసినట్టు మట్టి దారి దాకా చిమ్మి ఉంది. మొక్కలు వేళ్లతో సహా పక్కకు పడున్నాయి. మధ్యలో నా మోచేయంత లోతు గుంతలు. నేనూ నా కూతురూ నోరు తెరుచుకుని నిలబడ్డాం. కుర్రాళ్లెవరో చేశారనుకుని నేను తెలుగులో తిట్లు మొదలుపెట్టాను.

పక్క తోట ముసలావిడ కంచె దగ్గరికి వచ్చి చూసింది. "నక్క," అంది. "ఏం వేశారు మొక్కలకు?"

నేను గర్వంగా గుడిసెలోంచి సంచీ తెచ్చి చూపించాను. ఆవిడ ఒక గుళిక తీసి వేళ్ల మధ్య నలిపి వాసన చూసి తల ఊపింది.

"మంచిదే. నేనూ ఇదే వేస్తాను. కానీ పైన వెయ్యకూడదు, లోతుగా కప్పెట్టాలి. కొమ్ములు, గిట్టలు, ఎముకల పొడి కదా. కబేళా నుంచి వస్తుంది. నక్క పాపం, ఇక్కడ ఎవరో చచ్చిన జంతువును పాతిపెట్టారనుకుంది."

ఆవిడ ఆ మాట మామూలుగానే అన్నది. ఇవాళ ఎండగా ఉంది అన్నట్టు అన్నది. నేను నా కూతురి వైపు చూడలేదు. చూడాల్సిన పని లేకపోయింది. అది మడిలోకి దిగి, నక్క వదిలేసిన మొక్కలను ఒక్కొక్కటిగా పీకడం మొదలుపెట్టింది. కాడలు పట్టుకుని లాగి, వేళ్లను ఇటుకల దారికేసి కొట్టి, విసిరేస్తోంది. కాడకు ముళ్లుంటాయి. దాని అరచేతులు గీసుకుపోయి రక్తం వస్తోంది. ఆగలేదు.

"ఆగే. ఆగమంటున్న," అన్నాను.

ఆగలేదు. నా కంటి ముందు నా పుంటికూర, నా ఆదివారాలు దారి మీద ముక్కలవుతున్నాయి. చెయ్యెత్తాను. పైకెత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. కంచె అవతల ఆవిడ చూస్తోంది, అది కాదు కారణం. నా బిడ్డ నా చెయ్యి వంక చూసింది, కొట్టమన్నట్టు చూసింది, అందుకని కొట్టలేకపోయాను.

"నాకు తెల్వదు. ఒట్టు. నత్తలను కార్ల తిప్పినదాన్ని, నీకు ఎముకలు పెడ్తనా?" అన్నాను.

"నీకు తెల్వదని నాకు తెల్సు," అంది. అప్పటికి ఏడుస్తోంది. "కానీ నేను తిన్న కదమ్మా. అన్ని వారాలు తిన్న."

అది గేటు దాటి వెళ్లిపోయింది. నేను దారి మీద పడ్డ ఆకులన్నీ ఏరాను. కోపంతోనే ఏరాను. మొక్క చేసిన తప్పేమిటి? నేను చేసిన తప్పేమిటి? ఇంటికి తెచ్చి, కడిగి, ఆరబెట్టి, ఎండుమిరపకాయలు వేసి, నూనెలో మగ్గబెట్టి తొక్కు నూరాను. పెద్ద సీసా నిండింది. నా కూతురు ఫ్రిజ్ తీసినప్పుడల్లా ఆ సీసాను పక్కకు జరిపేది. మా ఆయన దానికి కొమ్ముల తొక్కు అని పేరు పెట్టాడు. ఎవరూ నవ్వలేదు. ఎవరూ తినలేదు కూడా.

మొక్కలు పీకిన రోజు సాయంత్రమే ఆయన ఇంకో సంగతి గుర్తుచేశాడు. "తులసి కుండీల గూడ పోసినవ్ కదనే," అన్నాడు.

నేను మేకను తిన్నదాన్ని, కోడిని తిన్నదాన్ని. నాయనమ్మ కోడిని కోస్తుంటే కాళ్లు పట్టుకున్నది నేనే, కొట్టుకునే రెక్కల నుంచి మొహం తిప్పుకోనిది నేనే. అయినా తులసి మొదట్లో ఆవు ఎముకలు, వాటిని నలిపిన చేత్తోనే పొద్దున దీపం అనుకునేసరికి కడుపులో దేవినట్టయింది. బాల్కనీలో గొంతుక్కూర్చుని చెంచాతో మట్టి గీకడం మొదలుపెట్టాను. తులసి వేళ్లు తెగకుండా, గుళిక అన్నది మిగలకుండా. మళ్లీ ఆ మట్టిని ఎక్కడ పారెయ్యాలి? తులసి మట్టి చెత్త డబ్బాలో వెయ్యకూడదు. ఎముకల మట్టి ఇంట్లో ఉంచకూడదు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటే ఇదే. చివరికి కవర్లో కట్టి అక్రోటు చెట్టు కింద పోసొచ్చాను.

గీకుతుంటే నా కూతురు వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

"నీక్కూడ గట్లనే ఉంటదా అమ్మా?" అంది.

"గట్లనే అంటే?"

"లోపల. ఇక్కడ." పొట్ట మీద చెయ్యి పెట్టుకుంది.

నాది వేరు, నీది వేరు అని కసురుకున్నాను. వేరని అప్పుడు నిజంగానే నమ్మాను.

సెప్టెంబరులో అది తోటలో సగం తనదంది. మధ్యలో ఎర్రటి దారం కట్టింది. తన సగంలోకి నా సంచీలు రావు, నా చెప్పులు కూడా రావు. ఎరువు తనే తయారుచేసుకుంటానంది. రాలిన ఆకులు, గడ్డి, కూరగాయల తొక్కలు, అన్నీ ఒక మూలన చెక్కల మధ్య కుప్ప పోసింది. స్కూలు నుంచి వస్తూ వీధుల్లో పడ్డ ఆకులు కూడా సంచుల్లో మోసుకొచ్చింది. ఆ కుప్పలో ఒక్క ఈక లేదు, ఒక్క ఎముక లేదు, చుక్క పాలు లేవు. దానంత శుభ్రమైన కుప్ప ఆ తోటలన్నిటిలో ఇంకోటి లేదు. అది గర్వంగా చూపిస్తుంటే నాకు మంటగానూ ఉండేది, ముద్దుగానూ ఉండేది. ఆదివారం మాత్రం బేసిన్ బయటికి తియ్యడం మానేశాను. ముగ్గురం బల్ల దగ్గర మూడు కంచాల్లో తినేవాళ్లం.

అక్టోబరు చివర, ఒక ఆదివారం పొద్దున, ఎల్లిపాయలు నాటడానికి ముగ్గురం వెళ్లాం. చలిగా ఉంది. మా ఆయన గుడిసె రేకు సరిచేస్తున్నాడు. నేను నా సగంలో గడ్డి పీకుతున్నాను. నా కూతురు తన కుప్పను తిరగెయ్యడానికి నాలుగు పళ్ల ఫోర్కు తీసుకుంది. బలమంతా పెట్టి కాలితో తొక్కి లోపలికి దించింది.

ఆ కేక నేను ఇప్పటికీ వింటున్నాను. మొదట పసిపిల్ల అనుకున్నాను. పక్క తోటలో ఎవరిదో పిల్ల పడింది అనుకున్నాను. కాదు, కుప్పలోంచే వస్తోంది. నా కూతురు ఫోర్కు పిడి వదలకుండా రాయిలా నిలబడిపోయింది. ఆకులు కదులుతున్నాయి. నేను ఎర్రదారం తెంపుకుని వెళ్లి ఆకులు తోశాను. లోపల ఈగెల్. ఒంటి నిండా ముళ్లు, రెండు పిడికిళ్లంత జంతువు, చలికాలమంతా పడుకోవడానికి ఆకుల కుప్పలు వెతుక్కుంటుంది. దానికి నా బిడ్డ కట్టిన గూడు నచ్చింది. ఫోర్కు పన్ను ఒకటి దాని నడుములోంచి దిగి కిందికి వచ్చింది. వెనక కాళ్లు కదలడం లేదు. ముందు కాళ్లతో మట్టిని గోకుతోంది, ఎక్కడికో పోదామని.

మా ఆయన ఫోన్ తీశాడు. ఆదివారం పశువుల డాక్టర్లుండరు. ఎమర్జెన్సీ నంబరు దొరికింది, అందులో సంగీతం వస్తోంది, కాసేపాగమని ఒక గొంతు జర్మన్‌లో మర్యాదగా చెప్తోంది. ఆ జంతువు అరుస్తోంది. సంగీతం, అరుపు, సంగీతం.

"అమ్మా, ఏమన్న చెయ్యి," అంది నా కూతురు. "అమ్మా, ప్లీజ్. బిట్టె."

"ఫోర్కు వదులు."

"వదిలితే అది చస్తది."

"వదలకున్నా చస్తది బిడ్డా. వదులు. అటు తిరుగు."

అది వదిలింది గానీ తిరగలేదు. నేను పార తీసుకున్నాను. మా నాయనమ్మ ఒక మాట అనేది. కోసేటప్పుడు నీ చెయ్యి వణికితే కష్టం కోడికే, నీకు కాదు. నా చెయ్యి వణికింది. అందువల్ల మొదటి దెబ్బ సరిగ్గా పడలేదు. ముళ్ల మీద జారింది. అరుపు ఇంకా పెరిగింది. నేనూ అరిచానట, నాకు తెలియదు, తర్వాత మా ఆయన చెప్పాడు. రెండో దెబ్బ బలమంతా పెట్టి వేశాను. పార ఎముక దాకా దిగి చప్పుడుతో ఆగింది. ఆ చప్పుడు నా మోచేతిలోకి వచ్చింది. తర్వాత ఏ శబ్దమూ లేదు. ఫోన్‌లో సంగీతం మాత్రం వస్తోంది.

కంచె అవతల ముసలావిడ కత్తెరతో నిలబడి ఉంది. కత్తెర మూసి తన గుడిసెలోకి వెళ్లిపోయింది.

నా కూతురు తన సగంలోనే గుంత తవ్వింది. సాయానికి వెళ్తే వద్దంది. ఆకులు పరిచి, దాన్ని చొక్కా అంచుతో ఎత్తి పడుకోబెట్టి, మళ్లీ ఆకులు కప్పి మట్టి పోసింది. ఎల్లిపాయలు నాటాల్సిన మడి అది. తర్వాత లేచి దారిలోంచి బరువైన రాతి పలక ఒకటి మోసుకొచ్చి పైన పెట్టింది.

"ఇప్పుడు నిజంగనే నక్క వస్తది," అంది.

నేను దాని భుజం మీద చెయ్యి వెయ్యబోయి ఆగాను. నా చెయ్యి చూసుకున్నాను. పార పట్టిన చెయ్యి.

ఇంటికొచ్చాక సింకు దగ్గర నిలబడి సబ్బుతో రుద్దుతూనే ఉన్నాను. నీళ్లు తెల్లగానే పోతున్నాయి, అయినా రుద్దుతున్నాను. పొద్దున వండిపెట్టిన అన్నం కుక్కర్లోనే వెచ్చగా ఉంది. ఎవరికీ తినాలని లేదనే అనుకున్నాను. వెనక ఏదో చప్పుడైతే తిరిగి చూశాను. నా కూతురు అలమర కింది అరలోంచి స్టీలు బేసిన్ బయటికి తీస్తోంది. చాప పరిచింది. కుక్కరు మూత తీసి అన్నం బేసిన్‌లోకి వేసింది. ఫ్రిజ్ తీసి, ఎప్పుడూ పక్కకు జరిపే సీసాను ఈసారి బయట పెట్టింది.

"అది కొమ్ములది," అన్నాను.

"తెల్సు."

"వద్దు బిడ్డా. పప్పు చేస్త. కాసేపాగు."

"కలుపమ్మా," అంది.

కూర్చున్నాను. తొక్కు వేసి నువ్వుల నూనె పోశాను. అన్నం మీద తొక్కు ఉంది, వేడికి వాసన వస్తోంది. ఇన్ని నెలలుగా నేను అడిగింది ఇదే కదా, నా ముందుకొచ్చి కూర్చుంది కదా. చెయ్యి బేసిన్ దాకా వెళ్లింది. అన్నంలోకి దిగలేదు. మోచేతిలో ఆ చప్పుడు ఇంకా ఉంది. కోడి నెత్తురు కడుక్కుని అన్నం తిన్న చెయ్యే ఇది, ఎప్పుడూ ఇలా ఆగలేదు. నేను లేచి చెంచా తీసుకొచ్చాను.

"చెంచా వద్దు," అంది నా కూతురు.

"నా వల్ల కాదే," అన్నాను. అంత మాట నా బిడ్డతో ఎప్పుడూ అనలేదు. ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

అది చొక్కా చేతులు పైకి మడిచి బేసిన్‌ను తన వైపు లాక్కుంది. పొద్దున ఫోర్కు పట్టిన చేత్తో, ముళ్ల గీతల మచ్చలు ఇంకా పోని చేత్తో అన్నం కలిపింది. కలపడం రాదు దానికి, ఎప్పుడూ కలపలేదు. ఒక పక్క ఎర్రగా, ఒక పక్క తెల్లగా ఉండిపోయింది. మొదటి ముద్ద తను నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని నమిలి మింగింది. రెండోది వాళ్ల నాన్న చేతిలో పెట్టింది.

మూడోది నాకు చాచింది. నేను అరచెయ్యి పట్టాను. ముద్ద గట్టిగా కట్టలేదు, మెతుకులు నా ఒళ్లో రాలాయి. అవి కూడా ఏరుకుని తిన్నాను.